ఆటలో అరటిపండు

ఆత్మకూరులో మా వీధి చివరి బయల్లో అన్నావాళ్ళు క్రికెట్ ఆడేవాళ్ళు. కంపల్లో పడ్డ బంతి తెచ్చివ్వడం నా పని. బంతి వేసేవాడికి భుజం నొప్పి పుడితే మాత్రం "మే, నువ్వు రెండు బంతులెయ్యి" అని పిలిచేవాళ్ళు. ఒకరోజు నేనేసిన బంతికి వికెట్టుగా నిలబెట్టిన తాటిమట్ట పడిపోయింది. బ్యాటు పట్టుకున్నవాడు కదల్లేదు. "అది ఆటలో అరటిపండురా, దాని ఔటు లెక్కలేదు" అన్నాడు మా అన్న.

నేను ఎడంచేత్తో వేసేదాన్ని. అన్నం దగ్గర ఆ చెయ్యి ముందుకొస్తే అమ్మ గరిటెతో కొట్టేది. పలక మీద కుడిచేత్తోనే రాయించింది. బంతి దగ్గరే దానికి విడుదల. పెద్దమనిషినయ్యాక అదీ పోయింది. అది 1978. ఆ జనవరిలోనే ఆడవాళ్ళ ప్రపంచకప్ మన దేశంలో జరిగిందనీ, ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ చివరి మ్యాచ్ హైదరాబాద్‌లోనే ఆడారనీ ఎన్నో ఏళ్ళకు చదివి తెల్లబోయాను. మా బయలు దాకా ఆ కబురు రాలేదు మరి.

2025 నవంబరు 2 రాత్రి అమ్మా నేనూ టీవీ ముందు కూర్చున్నాం. దక్షిణాఫ్రికాతో ఫైనల్. ముందు వేసిన పేసర్ల తర్వాత బంతి శ్రీచరణి చేతికొచ్చింది. కడప జిల్లా యర్రమల్లె పిల్ల. మా సోమశిలకు పెన్న వచ్చేది ఆ జిల్లా మీదుగానే. మొదట ఫాస్ట్ బౌలింగ్ వేసి, తర్వాత స్పిన్‌కు మళ్ళింది. ఆ ఏప్రిల్లోనే తొలి వన్డే ఆడింది, ఈ ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసింది. ఫైనల్లో తీసింది ఒక్కటే, ఆన్నెకె బోష్‌ను సున్నాకు ఎల్బీడబ్ల్యూ. తొమ్మిది ఓవర్లు వేసి 48 పరుగులిచ్చింది. మర్నాటి పొగడ్తలన్నీ అయిదు వికెట్లు తీసిన దీప్తిశర్మకూ, షెఫాలీకీ వెళ్ళాయి. న్యాయమే. కానీ మధ్యలో బంతి అందుకుని ఓవర్లు మోసే మనిషి కష్టం నాకు ఎక్కువ కనిపిస్తుంది.

అంపైర్ వేలెత్తగానే అమ్మ ముందుకు వంగింది.

"మే, ఆ పిల్లది ఎడంచెయ్యేనా?"

"అవునమ్మా."

"అన్నం కూడా దాంతోనే తింటాదేమో" అంది. కాసేపటికి నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఎడంచెయ్యే.

మ్యాచ్ 52 పరుగులతో గెలిచాక అన్నకు ఫోన్ చేశాను. "ఆ రోజు నేను తాటిమట్ట పడగొట్టాను గదా, అది ఔటేనా?" అనడిగాను.

"ఏ రోజు?" అన్నాడు.