గోడ దూకిన పెట్ట

ఏవండోయ్, పొయ్యి మీద ఏమైనా ఉంటే దించేసి రండి. ఇది ఇప్పట్లో తెమిలే కబురు కాదు.

గ్రామప్రియ పెట్టలు మూడు తెచ్చానని చెప్పానా? అదేనండీ, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన వాళ్లు పెరట్లో పెంచుకోవడానికని తయారుచేసిన రకం. నాటుపెట్ట ఏడాదికి 60 గుడ్లు పెడితే గొప్ప. ఇవి మేత కుదిరితే 150 పైమాటేనట. ఆ ఆశతోనే తెచ్చా, దాచుకోవడమెందుకు!

మా నల్లపెట్ట సంగతి మీకు తెలియంది కాదు. మీ చిన్నాడి కాలు పొడిచింది అదేగా. కొత్తవాటిని చూడగానే మెడ ఈకలు నిక్కబొడుచుకుని మీదకొచ్చింది. నాలుగు రోజులు వాటిని గంప కింద కమ్మి, దాని కళ్లెదుటే ఉంచా. తర్వాత బాగా చీకటి పడ్డాక ఒక్కొక్కదాన్నీ ఎత్తి గూట్లో కర్ర మీద దాని పక్కనే కూర్చోబెట్టా. చీకట్లో కోడికి కళ్లు ఆనవు కదండీ. తెల్లారేసరికి పక్కన ఎవరున్నారో చూసుకుని రెండు పొడిచి ఊరుకుంది.

మేతంటారా, తలకి రోజుకి 100 గ్రాముల పైచిలుకు. మా ఆయన ఉత్త నూకలే పోస్తారు. వట్టి నూకలతో కొవ్వెక్కుతుంది గానీ గుడ్డు పెంకు తోలులా మెత్తబడుతుందండీ. అందుకే తవుడు, వేరుశనగ చెక్క కలిపి, వంటింట్లో గుడ్డు పెంకులు పెనం మీద వేయించి, పొడికొట్టి వేస్తా. పెంకు పెంకులా పడేస్తే రుచి మరిగి సొంత గుడ్డే పొడుచుకు తింటాయి. సాయంత్రం మెడ కింద సంచి తడిమి చూస్తా. నిమ్మకాయలా నిండుగా తగిలితే మనకీ నిద్ర పడుతుంది.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, వాటిని గుడ్లగంపకి అలవాటు చేయకుండానే పెరట్లోకి వదిలేశా. తొందర నాదే. ఎర్రది రోజూ పదింటికి మాయమవుతోంది. నిన్న వెనకే నడిచా. గోడెక్కి, మీ కొబ్బరిడొక్కల కుప్ప వెనక్కి దిగింది!

మొన్న శనివారం మీ వంటింట్లోంచి గుడ్డట్టు వాసన వచ్చిందిలెండి. శనివారాలు మీరు ముట్టరు కదా, పిల్లలకేమో అనుకున్నా. తినండి, కాదన్నానా? ఒక్క గుడ్డు మాత్రం అక్కడే ఉంచండి. అన్నీ తీసేస్తే అది చోటు మార్చేస్తుంది. ఆ పక్కింటావిడ దొడ్లోకి పోయిందంటే, గుడ్డు కాదు కదా, ఈక కూడా దక్కదు మనకి!