పన్నెండు దగ్గర ఆగిపోయిన ప్రాసెసరు

మొన్న అటక దులుపుతుంటే పాత కంప్యూటర్ డబ్బా పక్కన రెండొందల పేజీల నోటుబుక్కు ఒకటి దొరికింది. అట్ట మీద మా శైలు గుండ్రటి అక్షరాలు. లోపల సగం దాని రాత, సగం నాది. దులపడం మానేసి నిచ్చెన మెట్టు మీదే కూర్చుని చదువుకున్నాను. ఆ పుస్తకానికీ ఆ డబ్బాకీ ఓ సంబంధం ఉంది. చెబుతాను వినండి.

2010 దసరా నాటి మాట. శైలు అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. పదో తరగతి దాకా తెనాలిలో తెలుగు మీడియం. క్లాసులో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉండేది. అందరూ చేస్తున్నట్టే మేమూ విజయవాడలో హాస్టల్ ఉన్న కాలేజీలో, ఇంగ్లీషు మీడియంలో చేర్పించాం. అప్పటినుంచీ ప్రతి ఆదివారం ఫోన్లో దానిది ఒకటే మాట, "అమ్మా, ఇంటికొచ్చేస్తాను". నాదీ ఒకటే మాట, "కొత్త కదమ్మా, సర్దుకో". సెలవులకి వచ్చినప్పుడు సంచిలో మార్కుల కాగితం ఉంది. ఫిజిక్సులో అరవైకి పదకొండు. మా వారు చూసి ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే మా ఇంట్లో పెద్ద తిట్టు.

ఈ గొడవ చాలదన్నట్టు నేనొక ఘనకార్యం చేశాను. మా వారి కొట్టు లెక్కలన్నీ 2003లో కొన్న డెస్క్‌టాప్‌లో ఉండేవి. పండగ దులుపుళ్ళలో దాని డబ్బా కూడా విప్పాను. ఫ్యాను నిండా దుమ్ము. కొక్కేలు తీసి, ఫ్యాను కింద ఉండే కూలర్ని పట్టుకుని పైకి లాగాను. మధ్యలో రాసిన పేస్టు ఎండి అంటుకుపోయిందట, దానితో పాటు ప్రాసెసరు కూడా ఊడి చేతికొచ్చింది. కింద వెంట్రుకల్లాంటి పిన్నులు వంగిపోయాయి. ఎవరూ చూడకముందే సరిచేద్దామని పట్టుకారుతో వంచితే రెండు విరిగాయి. అంతే, కంప్యూటర్ మూగబోయింది.

గుంటూరు నుంచి మా తమ్ముడు వచ్చాడు. తెర పోయి మూల పడేసిన తన పాత ల్యాప్‌టాప్ కూడా పట్టుకొచ్చాడు. "అక్కా, ఇందులో పెంటియం 4-ఎం ఉంది, 1.8 గిగాహెర్ట్జ్. దీనికీ మీదానికీ సాకెట్ 478 పిన్నులదే. కూర్చుంటుందేమో చూద్దాం" అన్నాడు. ల్యాప్‌టాప్ ప్రాసెసరుకి నెత్తిన రేకు మూత ఉండదు. అందుకని కూలర్ సరిగ్గా ఆనడానికి మధ్యలో చిన్న రాగి రేకు పెట్టి, కొత్త పేస్టు రాసి, నలగకుండా మెల్లగా బిగించాడు. శైలు టార్చిలైటు పట్టుకుంది. మీట నొక్కితే తెర వెలిగింది. అందరం చప్పట్లు కొట్టాం.

ఆ సంబరం అరగంటే. మా వారు లెక్కల ఫైలు తెరిస్తే తెరుచుకోవడానికి కాఫీ తాగినంత సేపు పట్టింది. మా తమ్ముడు పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సీపీయూ-జడ్ పెట్టి చూస్తే 1800 ఉండాల్సినచోట 1200 మెగాహెర్ట్జ్ అని ఉంది.

మేనమామా మేనకోడలూ రెండు రోజులు దాని మీదే కూర్చున్నారు. వేడెక్కి తగ్గుతోందేమోనని బయోస్‌లో చూశారు, వేడేమీ లేదు. బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ మార్చారు. విండోస్‌లో పవర్ సెట్టింగులు అటూ ఇటూ తిప్పారు. ఎన్ని చేసినా ఆ అంకె కదల్లేదు.

"అసలు ఈ అంకె ఎలా వస్తుందిరా?" అన్నాను, కందిపప్పు బాగుచేసుకుంటూ.

"మదర్‌బోర్డు తాళం వేస్తుందక్కా, 100 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి పది కోట్ల దెబ్బలు. ప్రాసెసరు దాన్ని ఇన్ని రెట్లని పెంచుకుంటుంది. దీని రెట్లు పద్ధెనిమిది. కానీ పన్నెండు దగ్గరే ఆగింది."

శైలు ఉన్నట్టుండి అడిగింది. "మావయ్యా, నీ ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే నెమ్మదించేది కదూ?"

వాడు నెత్తి కొట్టుకున్నాడు. అదే కిటుకు. ల్యాప్‌టాప్ ప్రాసెసరుకి రెండు వేగాలు ఉంటాయి. స్పీడ్‌స్టెప్ అంటారు. బ్యాటరీ మీద పన్నెండు రెట్లు, కరెంటు మీద పద్ధెనిమిది. మొదలవడం తక్కువలోనే మొదలై, ల్యాప్‌టాప్ బోర్డు సంకేతం ఇస్తే పైకి వెళుతుంది. డెస్క్‌టాప్ బోర్డుకి ఆ సంకేతం ఇచ్చే ఏర్పాటే లేదు.

అప్పుడే మా వారు కొట్టు నుంచి వచ్చారు. "ఏమైంది? కూర్చోడానికి కూర్చుంది గానీ పని మాత్రం చెయ్యదా?" అన్నారు, మామూలుగానే.

శైలు తలెత్తలేదు. "దానికి చేతకాక కాదు నాన్నా. పైకి వెళ్ళమని ఇక్కడ దానికి తెలిసేలా చెప్పేవాళ్ళు లేరు. అందుకే కిందే ఉండిపోయింది." చివరికి వచ్చేసరికి గొంతు జీరపోయింది. స్క్రూడ్రైవర్ కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది.

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. అది మాట్లాడింది ప్రాసెసరు గురించి మాత్రమే కాదని అర్థమవడానికి నా బీఏ తెలుగు అక్కర్లేదు. నాలుగు నెలలుగా అది చెబుతున్నది వినకుండా "సర్దుకో" అన్నది నేనే.

మా వారు చొక్కా కూడా మార్చుకోకుండా పెరట్లోకి వెళ్ళారు. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. "అక్కడ నీకేం తక్కువైందమ్మా?" అని అడిగారు. చాలాసేపటికి జవాబొచ్చింది. "మాటలు నాన్నా. లెక్క ఇస్తే చేస్తాను. సారు చెప్పే మాటలే తెలియవు. ఒక మాట వెతుక్కునేసరికి ఆయన పేజీ తిప్పేస్తారు."

మర్నాడే ఆయన తెలుగు అకాడమీ వాళ్ళ ఫిజిక్సు పుస్తకం కొనుక్కొచ్చి నా ముందు పెట్టారు. "తెలుగు చదివానంటావుగా, ఇదిగో" అన్నారు. పెళ్ళయ్యాక నా డిగ్రీని ఎవరైనా పనికి పిలవడం అదే మొదలు.

ఇంగ్లీషు పుస్తకం ఒకవైపు, తెలుగుది ఒకవైపు పెట్టుకుని ఈ నోటుబుక్కు మొదలుపెట్టాం. స్పీడు అంటే వడి, వెలాసిటీ అంటే వేగం. ఇనర్షియా జడత్వం. మొమెంటమ్ దగ్గర దానికి ఎప్పుడూ తికమకే. ద్రవ్యవేగం అని రాసి, "ద్రవ్యరాశీ వేగమూ కలిపి గుణించు, సూత్రం పేరులోనే ఉంది" అన్నాను. దాని కళ్ళు మెరిశాయి. ఫ్రీక్వెన్సీ పౌనఃపున్యం. ఆ మాట చూసి భయపడింది. "పునః పునః అంటే మళ్ళీ మళ్ళీ. సెకనుకి ఎన్నిసార్లు మళ్ళీ మళ్ళీ జరిగిందో అదే" అంటే, "అయితే మన ప్రాసెసరుది నూట ఇరవై కోట్ల పునఃపునః అన్నమాట" అని నవ్వింది. ఆ సెలవుల్లో దాని మొదటి నవ్వు అది.

ఇంతకీ ప్రాసెసరు సంగతి. రెట్లు పెంచడం వాళ్ళ వల్ల కాలేదు. అప్పుడు శైలే అంది, "పన్నెండు మారకపోతే వందని మారుద్దాం మావయ్యా". ఆ బోర్డు 133 తాళాన్ని కూడా ఒప్పుకునే రకం. బయోస్‌లో అలా పెడితే 12 పెట్టు 133, ఇంచుమించు 1600. ప్రాసెసరు మోయగలిగిన 1800కి లోపలే కాబట్టి భయం లేదు. పద్ధెనిమిది వందలు రాలేదు, పదహారు వందలొచ్చింది. కొట్టు లెక్కలకి అది చాలింది. ఆ డబ్బా ఇంకో మూడేళ్ళు నడిచింది.

మేమూ కాలేజీని మార్చలేదు. అక్కడి మీడియం మా చేతిలో లేదు. చేతిలో ఉన్నది ఈ నోటుబుక్కు. ప్రతి ఆదివారం ఫోన్లో "సర్దుకో" బదులు "ఈ వారం ఏ మాటలు?" అని అడిగేదాన్ని. నేను చెబుతుంటే అది రాసుకునేది. సంవత్సరం చివర ఫిజిక్సులో అరవైకి నలభై నాలుగు వచ్చాయి. క్లాసులో మొదటి ముగ్గురిలో లేదు. కానీ మళ్ళీ ఇంటికొచ్చేస్తాననలేదు.

నోటుబుక్కు కిందికి దించాను. డబ్బా పాత సామాన్లవాడికి ఇచ్చేయమన్నారు మా వారు. నాకే ఇంకా చెయ్యి రావడం లేదు.