రెండు వందల తూటాలు, ఒక ఎక్సెల్ షీటు

మా బావ పిస్టల్ కొన్నాడు.

బావంటే మా పెద్దనాన్నగారి అమ్మాయి భర్త. డాలస్‌కి గంటన్నర దూరంలో ఓ చిన్న ఊళ్ళో గ్యాస్ స్టేషన్, దానికి ఆనుకుని కొట్టు. అమెరికాలో మనవాళ్ళంటే అందరూ మనలాగా ఏసీలో కూర్చుని కోడు రాసుకునేవాళ్ళే అనుకుంటాం గానీ, రాత్రి పదకొండింటికి గల్లాపెట్టె లెక్క చూసుకుని డబ్బు సంచీతో ఒంటరిగా కారు దాకా నడిచేవాళ్ళూ చాలామందే ఉన్నారు. పోయినేడాది చలికాలంలో ఒకడు లోపలికొచ్చి, తుపాకీ చూపించి, నాలుగొందల డాలర్లు పట్టుకుపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచీ కొట్టు కట్టేసే టైముకి అక్క ఫోన్ చేసి, బావ కారెక్కి తలుపులు లాక్ చేసుకునేదాకా లైన్లోనే ఉంటుంది.

ఇక పిస్టల్ సంగతి. 9 ఎంఎం, చిన్నది, చొక్కా కింద నడుం దగ్గర పెట్టుకుంటే పైకి కనిపించదు. రెండొందల ముప్ఫై డాలర్లు. పక్క అరలో ఉన్న పేరున్న కంపెనీది దానికి రెట్టింపు పైమాటే. "ఏరా, నువ్వు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నావుగా, దీన్ని నమ్మొచ్చో లేదో తేల్చు" అన్నాడు. నేను టెస్టింగ్ వదిలేసి నాలుగేళ్ళయింది. అయినా బావలకి ఇలాంటివి ఎక్కడ వివరిస్తాం :)

ఒక ముక్క ముందే చెప్పాలి. బావకి గ్రీన్‌కార్డుంది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, 21 ఏళ్ళు నిండి, చట్టపరంగా ఏ అడ్డూ లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. నేను హెచ్1బి వాణ్ణి. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్పిస్తే నాలాంటివాడు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఈ సంగతి తెలియక సరదాగా రేంజ్‌కి వెళ్ళి ఫోటోలు దిగేవాళ్ళు మనలో బోలెడుమంది. కాబట్టి నేను వెనక బల్ల మీద, చెవులకి మఫ్స్ పెట్టుకుని, ల్యాప్‌టాప్‌తో కూర్చున్నాను. కాల్చేది బావ, లెక్క రాసేది నేను.

తుపాకులు పెట్టుకునేవాళ్ళలో ఓ ఆనవాయితీ ఉంది. రెండొందలు ఆగకుండా కాలిస్తే ఇక నమ్మొచ్చని. మేమూ అంతే అనుకున్నాం. మామూలు తూటాలు 150, నిజంగా వెంట పెట్టుకునే హాలో పాయింట్ రకం 50. మ్యాగజైన్లు రెండు, ఒక్కోదాంట్లో పది. మార్కర్‌తో వాటిమీద 1, 2 అని రాయించాను. బగ్ వస్తే ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలి కదా.

137వ తూటా దగ్గర ఆగింది. రెండో నంబరు మ్యాగజైన్. తూటా ముక్కు ఛాంబర్ మూతి దగ్గర తగులుకుని, స్లయిడ్ సగంలో నిలబడిపోయింది. అది సరే. ఆ తర్వాత జరిగింది నేను షీట్లో రాయలేదు. బావ తుపాకీ కేసి అలాగే చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత ఏమైందో చూద్దామని దాన్ని పక్కకి తిప్పాడు. గొట్టం పక్క లేన్‌లో ఉన్న ముసలాయన వైపు తిరిగింది. రేంజ్ ఆఫీసర్ ఒక్క అరుపు అరిచి బావ చెయ్యి పట్టుకున్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది.

కార్లో వచ్చేటప్పుడు బావ నిబ్బరంగానే ఉన్నాడు. "రెండొందల్లో ఒక్కటి. 99.5 శాతం. మీ సర్వర్లకి ఉంటుందిట్రా అంత?"

అసలు ఒక్కసారి కూడా ఆగకపోయినా పెద్దగా తేలేది ఏమీ లేదు బావా అన్నాను. స్టాటిస్టిక్స్‌లో చిన్న లెక్క ఉంది. ఎన్నిసార్లు పరీక్షించినా ఒక్క ఫెయిల్యూరూ రాకపోతే, మూడుని ఆ సంఖ్యతో భాగించాలి. అసలు దోషం అంతకన్నా ఎక్కువ లేదని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 3 బై 200 అంటే 1.5 శాతం. అంటే రెండొందలూ సాఫీగా పోయిన పిస్టల్‌లో కూడా పది తూటాల మ్యాగజైన్ ఖాళీ చేసేలోగా ఎక్కడో ఒకచోట ఆగే అవకాశం 14 శాతం దాకా ఉండొచ్చు. వెయ్యికి ఒకటి కన్నా తక్కువ అని అదే నమ్మకంతో చెప్పాలంటే ఒక్కసారి కూడా ఆగకుండా మూడు వేలు కాల్చాలి. హాలో పాయింట్ మేం కొన్నరోజు ఒక్కోటి డాలరు పడింది. మూడు వేల డాలర్లు. పిస్టల్ మీద మిగిల్చింది రెండొందల యాభై!

"నాది ఇంతవరకూ ఒక్కసారి ఆగలేదు" అనే మాట కూడా ఇంతే. ఎన్ని కాల్చాడో, ఏ తూటాలో చెప్పడు. కింద హారం లేని భిన్నం అన్నమాట.

పోనీ ప్రభుత్వం పరీక్షల మాటేమిటి? కాలిఫోర్నియాలో అమ్మాలంటే ఒక్కో మోడల్‌కి మూడు పీసులు తెచ్చి, ఒక్కోదాంతో 600 కాల్చి చూపించాలి. మొదటి ఇరవైలో ఆగకూడదు, మొత్తం మీద ఆరు సార్ల వరకు ఆగొచ్చు. అంటే వందకి ఒకటి! పైగా మధ్యమధ్య చల్లారనిస్తారు, శుభ్రం చేసుకోనిస్తారు. బావ నడుం దగ్గరున్నది ఆ మూడింట్లో ఏదీ కాదాయె.

అలాగని ఖరీదైనదైతే బెంగ లేదనీ కాదు. రూగర్ ఎల్‌సీపీ లాంటి చవకరకాన్ని 2008లో, కింద పడితే పేలొచ్చని వెనక్కి పిలిచారు. ఖరీదైన సిగ్ పీ320కి కూడా 2017లో అదే బాధ వచ్చి, కంపెనీ ఉచితంగా భాగాలు మార్చాల్సొచ్చింది. చిన్న పిస్టళ్ళకి మాత్రం పుట్టుకతోనే ఒక ఇబ్బంది. స్లయిడ్ పొట్టిది, తేలికది, స్ప్రింగు బిర్రుగా ఉంటుంది. అది వెనక్కెళ్ళి ముందుకొచ్చేలోగా మ్యాగజైన్ తర్వాతి తూటాని పైకి నెట్టాలి, దానికి దొరికే వ్యవధి బాగా తక్కువ. పట్టుకున్నవాడి మణికట్టు సడలితే అదీ దక్కదు.

తర్వాతి ఆదివారం మళ్ళీ వెళ్ళాం. ఇంకో రెండొందలు. మళ్ళీ ఒకటి ఆగింది, మళ్ళీ రెండో మ్యాగజైనే. "దొరికింది దొంగ" అన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. రెండు మ్యాగజైన్లూ సమానంగా వాడినప్పుడు, రెండుసార్లూ అదే తగలడం అంటే నాణెం రెండుసార్లు ఎగరేస్తే రెండుసార్లూ బొమ్మే పడటం లాంటిది. పైగా రెండుసార్లూ బావ చెయ్యి అలిసిపోయాకే ఆగింది. అక్కడి ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగితే అదే మ్యాగజైన్‌తో యాభై కాల్చాడు. ఒక్కటీ ఆగలేదు. అయితే తప్పు చేతిదేనా? అదీ చెప్పలేం. మ్యాగజైన్‌లో నిజంగా వందకి ఒకటి దోషం ఉన్నా యాభై సాఫీగా పోయే అవకాశం 60 శాతం. ప్రొడక్షన్‌లో మాత్రమే కనిపించి మన మెషీన్లో రిపీట్ కాని బగ్గుని వెతికినవాళ్ళకి ఈ బాధ తెలుస్తుంది.

ఇన్‌స్ట్రక్టర్ లెక్కలేమీ అడగలేదు. మ్యాగజైన్లో మధ్యమధ్య డమ్మీ తూటాలు కలిపి, బావకి తెలియకుండా, ఇచ్చాడు. ఆగగానే మ్యాగజైన్ అడుగున ఒక్క చరుపు, స్లయిడ్ లాగి వదలడం, గొట్టం మాత్రం ముందుకే. మొదట్లో బావకి తొమ్మిది సెకన్లు పట్టింది. సాయంత్రానికి రెండున్నర. నన్నడిగితే ఆ రెండు ఆదివారాల్లో డబ్బుకి తగ్గ పని జరిగింది ఆ గంటలోనే.

రెండో మ్యాగజైన్ పారేసి కొత్తవి రెండు కొన్నాం. వాటికి మళ్ళీ కొత్త వరసలు మొదలుపెట్టాను. ఇంట్లో ఆరేళ్ళ పిల్లాడున్నాడని ముందే చెప్పి, వేలిముద్రతో తెరుచుకునే పెట్టె కూడా కొనిపించాను. అదొక నూట ఇరవై.

అన్నం పెడుతూ అక్క అడిగింది, "ఇంతకీ పనిచేస్తుందంటావా?"

"450లో రెండుసార్లు ఆగిందక్కా."

"ఆ రెండూ ఎప్పుడొస్తాయో నీ షీటు చెబుతుందా?"

చెప్పదన్నాను. అక్క ఇంకేం అనలేదు. ఈ నెల నుంచి కొట్టు తొమ్మిదింటికే కట్టేస్తున్నారు, డబ్బు పగలే బ్యాంకులో వేసేస్తున్నారు. రాత్రి బావ కారెక్కేదాకా అక్క ఇప్పటికీ లైన్లోనే ఉంటోంది.