పిల్లలతో వేసవి అరకు

మల్లాపూరు నుండి నాచారము వరకు, నాచారము నుండి ఉప్పలు వరకు వ్యాపించిన మా తూర్పు హైదరాబాదు ప్రాంతమునందు, కర్మాగారముల ప్రహరీల నడుమ, రాతిగుట్టల నానుకొని, అంతస్తుపై అంతస్తుగా లేచిన ఇండ్లలో కాపురముండు వారికి, ఏప్రిలు చివర పాఠశాలలు మూతపడినంతనే పిల్లల నెక్కడికి తీసికొనిపోవుదుమను ఆలోచన మొదలగును. పగలంతయు కాగిన బండ రాత్రి పొద్దుపోయినను వేడిమిని విడువని ఆ దినములలో, చాలమంది నోట మొదట వచ్చు పేర్లు ఊటీ, కొడైకెనాలు. అవి మంచి చోట్లే. కాని మన తెలుగునేలమీదనే, తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున అరకులోయ యున్నదనియు, పొగమంచునకును వలిసె పూలకును పేరు వడసినంతగా అది వేసవికి పేరు వడయలేదనియు, అయినను పసివారితో, వృద్ధులతో కూడిన కుటుంబమునకు వేసవియే అక్కడ తగిన కాలమనియు నా దృఢమైన నమ్మకము.

శీతకాలమున అరకు వచ్చువారు తెల్లవారకముందే లేచి, మంచు విడువకముందే వాహనమెక్కి, పసుపుపచ్చని వలిసె చేలలో ఫొటోలు తీయించుకొని, సాయంకాలమునకు విశాఖ చేరుదురు. దారులు క్రిక్కిరిసి యుండును. గదులు దొరకుట కష్టము. చలికి జడిసి తాతయ్యలు, నానమ్మలు దుప్పటి విడువరు. వేసవి సెలవులలో వచ్చు కుటుంబమునకు ఆ తొందర లేదు. అదియుగాక, ఆ కాలముననే కొండకు సంవత్సరము మారును: కాఫీ పూయును, పనస పండును, చైత్రమాసపు పండుగలకు గూడెములలో డప్పులు మ్రోగును, మధ్యాహ్నపు టెండ కాసిన పిమ్మట ఉన్నట్లుండి మబ్బు క్రమ్మి వాన కురియును. పాఠ్యపుస్తకములలో పిల్లలు బట్టీపట్టిన సంగతులు అనేకము అప్పుడు దారి ప్రక్కన వారి కన్నులయెదుట జరుగుచుండును.

మల్లాపూరునకు సమీపముననే యున్న చర్లపల్లిలో 2025 జనవరిలో కొత్త రైల్వే టెర్మినలు ప్రారంభమైనందున, సామానులతో సికింద్రాబాదు వరకు పోవలసిన శ్రమ ఈ ప్రాంతము వారికి కొంత తగ్గినది. రాత్రి బండిలో విశాఖ చేరి, ఆ పగలు సముద్రతీరమున గడపి, మరునాటి యుదయమున అరకు మీదుగా పోవు కిరండూలు బండి నెక్కుట మేలు. శృంగవరపుకోట మీదుగా ఘాటురోడ్డున పోవు బస్సులును కలవు. కాని మలుపులకు కడుపులో త్రిప్పు పిల్లలున్న యింటివారు రైలునే ఎంచుకొనవలెను.

ఈ రైలుమార్గమును వేసినది యాత్రికుల కొరకు కాదు. బస్తరు సీమలోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చి జపానుకు ఎగుమతి చేయు తలంపుతో, 1960వ దశకమున, కొత్తవలస మొదలు కిరండూలు వరకు, కొండలను తొలిచి, లోయలపై వంతెనలు కట్టి, 58 సొరంగములతో దీనిని నిర్మించిరి. బొడ్డవర విడిచినంతనే మైదానము క్రిందికి జారును. శివలింగపురము, టైడా, చిమిడిపల్లి యను చిన్న స్టేషనులు ఒకదాని వెంట నొకటి వచ్చుచుండగా బండి కొండ నడుమును చుట్టుకొనుచు పైకి ప్రాకును. చీకటి సొరంగము వచ్చినంతనే పెట్టెలోని పిల్లలందరు ఒక్కపెట్టున కేకవేయుదురు. వెలుగులోనికి వచ్చిన పిమ్మట ఎన్నవ సొరంగమో తేల్చుకొనలేక వాదులాడుకొందురు. 2017లో ఈ మార్గమున ప్రవేశపెట్టిన విస్టాడోము పెట్టెలో పైకప్పు సైతము అద్దముదే యగుటచే, కిటికీ కొరకు అన్నదమ్ములు తగవులాడుకొను అవసరము లేదు. అరకునకు ముందు వచ్చు శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు దాదాపు 1000 మీటర్ల ఎత్తున నున్నది; ఒకప్పుడు బ్రాడ్‌గేజి స్టేషనులలో దేశమునందెల్ల ఎత్తైనదిగా అది ప్రసిద్ధి కెక్కెను.

దారిలో బొర్రాయొద్ద దిగి గుహలు చూచి, అచ్చట నుండి రోడ్డున అరకు చేరుట పలువురి అలవాటు. 1807లో విలియం కింగ్ జార్జి యను ఆంగ్లేయుడు ఈ గుహలను కనుగొనెనని వ్రాసియున్నారు గాని, చుట్టుపట్ల గూడెముల వారికి అవి దేవుని నెలవులు. పైన మేయుచున్న ఆవు గుహకప్పు బెజ్జములోనుండి లోపలికి పడగా, దానిని వెదకుచు వచ్చిన కాపరికి శిలారూపమున శివలింగము కనబడెనని వారు చెప్పుకొందురు. లోపల అడుగుపెట్టినంతనే బయటి ఎండ సంగతి మరపున పడును. రంగురంగుల దీపములు చూచి పిల్లలు పరుగెత్తబోవుదురు. వారిని నిలిపి, ఒక్క నీటిబొట్టును చూపుడు. మట్టిలోనుండి దిగిన వాననీరు అచటి బొగ్గుపులుసు వాయువును కలుపుకొని, సున్నపురాతిని కొంచెము కొంచెముగా కరగించుకొని, కప్పు కొసకు వచ్చి వ్రేలాడును. ఆ వాయువు విడివడినంతనే నీటిలోని సున్నము కంటి కానరానంత పలుచని పొరగా అక్కడనే పేరుకొనును; మిగిలిన సున్నముతో బొట్టు క్రిందపడును. పైనుండి దిగు స్తంభమును, నేలనుండి లేచు స్తంభమును, రెండు నొకటిగా కలియు స్తంభమును, అన్నియు ఈ బొట్టు చేసిన పనియే. మన తలపై గుహకప్పు, ఆ కప్పుపై రైలుమార్గము ఉన్నవని చెప్పినప్పుడు వారి ఆశ్చర్యమునకు మేరయుండదు. గోస్తని నది ఈ తావుననే పుట్టి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్నము దగ్గర సముద్రమున కలియును. విశాఖ నగరపు త్రాగునీటిలో ఈ గుహల నీరును కొంత కలదు. మెట్లు అనేకము, తడిసి జారుచుండును. మోకాలి నొప్పులుగల పెద్దవారిని సగము దారిలో చదునైన చోట కూర్చుండబెట్టుట మంచిది.

అరకులో వేసవి దినమునకు ఒక క్రమమున్నది. ఉదయము చల్లనిది, ఆ వేళను నడకకు ఉంచుకొనవలెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1942లో, సైనికులకు కూరగాయలు పండించుటకై వేసిన పద్మాపురము తోట నేడు ఉద్యానవనమై, చెట్లపై కట్టిన గుడిసెలతోను, పిల్లల రైలుబండితోను కుటుంబములకు విహారస్థలమైనది. ఎండ ముదిరిన వేళకు, 1996లో నెలకొల్పిన గిరిజన మ్యూజియము తగినది. మట్టిగోడల నడుమ బగతలు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, గదబలు మొదలగు వారి పనిముట్లు, వేట సామగ్రి, నగలు, పెండ్లి వేడుకలు చూపు బొమ్మలు అందున్నవి. సాయంకాలము వసారాలో కూర్చున్నప్పుడు తాతయ్య చెప్పదగిన కథయు ఈ కొండలలోనే పుట్టినది: 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై దాడితో మొదలైన మన్యపు పితూరీ. 2022లో ఏర్పడిన ఈ జిల్లాకు ఆ పితూరీని నడిపిన అల్లూరి సీతారామరాజు పేరు ఎందులకు పెట్టిరో పిల్లలు అడుగకమానరు.

ఇక కాఫీ. పంతొమ్మిదవ శతాబ్దము చివర ఆంగ్లేయులు తూర్పు కనుమలలో ప్రవేశపెట్టిన ఈ పంట క్రమముగా గిరిజన రైతుల చేతికి వచ్చి, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, ఆ చెట్లకు అల్లుకొన్న మిరియపు తీగల తోడులో పెరిగి, 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు తెచ్చినది. వేసవి మొదట ఒక మంచి వాన పడినచో, అంతవరకు కొమ్మల కణుపులయందు ముడుచుకొని యున్న మొగ్గలు, పది దినములు గడచుసరికి ఒక్క ఉదయమున అన్నియు విచ్చును. ఆకు ఆకు మొదటను తెల్లని గుత్తి. కొమ్మ పొడవున మల్లెదండ చుట్టినట్లుండును. వాసనయు మల్లెపూవును తలపించును. తోట యజమాని అనుమతి గైకొని లోనికి పోయినప్పుడు, పిల్లలను కొమ్మ ముట్టనీయక, ఊపిరి బిగబట్టి వినుడనవలెను. తేనెటీగల రొద స్పష్టముగా వినబడును. రెండు మూడు దినములలో పూలు వాడి గోధుమవన్నె తిరుగును. అవి పండ్లై ఎఱ్ఱబారుటకు శీతకాలము రావలెను. ఒక గుక్కెడు కాఫీ వెనుక వాన, పూవు, ఈగ, నీడ, కోయు చేయి ఇన్ని యున్నవని అక్కడ తెలిసికొన్న పిల్లవానికి అంగడిలోని పొట్లము వేరుగ కనబడును. అరకులోని కాఫీ మ్యూజియమును పిమ్మట చూచినచో సంగతి పూర్తియగును.

భోజనము విషయమున కొండకు వచ్చి కూడ పట్నపు పదార్థములకై వెదకుట దండుగ. సంతలో పనసపండ్లు గుట్టలుగా పోసియుందురు. అమ్ము నామె ముందుగా చేతులకును కత్తికిని నూనె పూసికొని, కాయను నిలువున చీల్చి, నడిమి బొడ్డును కోసి తీసివేసి, జిగురంటకుండ తొన వెంట తొనగా ఒలిచి అడ్డాకులో పెట్టును. నానమ్మ గింజలు పారవేయనీయదు. నిప్పులలో కాల్చినను, కూరలో వేసినను అవి రుచియే. పచ్చి వెదురు గడలో మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పులపై త్రిప్పుచు కాల్చు బొంగులో చికెనునకు నూనెయు, నీరును అక్కరలేదు. వెదురులోని తడియే దానిని ఉడికించును. పొలమునకు పోవువారు ఎండిన ఆనపకాయ బుర్రలో పోసికొనిపోవు చోడి అంబలి ఎండవేళ కడుపునకు చల్లన; అదియు అడిగి రుచిచూడదగినది.

చైత్రమాసమున పోయినవారికి ఇటుకల పండుగ ఎదురుపడవచ్చును. విత్తుటకు ముందు నేలతల్లిని, విత్తనములను కొలిచి, పురుషులు వేటకు పోవుట, స్త్రీలు ఆడుచు పాడుచు దారులలో వాహనముల నాపి పండుగ కానుక లడుగుట ఆచారము. వేటనుండి ఉత్తచేతులతో వచ్చిన మగవారిపై పేడనీళ్లు చల్లి ఆటపట్టించుటయు కలదు. దారి నాపిరని పట్నవాసులు కసరుకొనరాదు. అది వారి పండుగ, ఆ దారి వారిది. చేతనైనది సంతోషముతో ఇచ్చి, పండుగ మంచిదగుగాకని చెప్పి సాగవలెను. ధింసా నాట్యమును వసతిగృహములయెదుట ప్రదర్శనగా చూచుట సులభమే; గూడెములో పండుగనాడు చూచుట భాగ్యము. డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మ్రోగుచుండగా, ఒకరి నడుము వెనుకగా ఒకరు చేతులు పెనవేసికొని వరుసగా కదలుదురు. ఆకులు ఏరుటను చూపునది పోతర్ తోల ధింసా, పులి బారినుండి తప్పించుకొనుటను చూపునది బాగ్ ధింసా. వారు పిలిచినప్పుడు వరుసలో చేరుటకు మన పిల్లలు సిగ్గుపడినను, ముందు అమ్మ చేరినచో వెంట వారును చేరుదురు.

డుంబ్రిగూడ దగ్గరి చాపరాయి వేసవిలో పిల్లలకు పెద్ద వినోదము. వెడల్పైన బండపై నీరు పలుచగా పరచుకొని జారుచుండగా అందరు కలిసి కూర్చుండవచ్చును. అయినను పాచిపట్టిన చోటు నమ్మరాదు. ఎగువన మబ్బు నల్లబడినచో, మన తలపై చినుకు పడకున్నను, వెంటనే గట్టెక్కవలెను. సాయంకాలము దోమలుండును, మన్యమున మలేరియా బాధ చిరకాలముగా ఉన్నదే గనుక, పూర్తి చేతుల చొక్కాలు, దోమతెర మరువరాదు. ప్లాస్టిక్ సీసాలను, పొట్లములను తెచ్చినవారే తిరిగి తీసికొనిపోవలెను. వాకిట పనిచేసికొనుచున్న స్త్రీలను, ఆడుకొనుచున్న బిడ్డలను అడుగకుండ ఫొటో తీయుట తగదని పిల్లలకు మాటలతో గాక మన నడవడితో నేర్పవలెను.

కాఫీ కోత ముగిసి, వానకాలపు విత్తనములింకను పడని ఈ నెలలలో కొండవారి చేతికి రాబడి తక్కువ. యాత్రికులందరు డిసెంబరులోనే వచ్చిపోయినచో, వారి ధనము కొన్ని దినములలోనే వచ్చి ఆగిపోవును. వేసవిలో ఒక కుటుంబము నాలుగు దినములు ఆ లోయలో నిలిచి, గిరిజన సహకార సంస్థ అంగడిలో తేనె, చింతపండు కొని, సంతలో పనసపండునకు బేరమాడక ధర యిచ్చి, తోటవానియొద్దనే కాఫీగింజలు, మిరియములు తీసికొన్నచో, అది ఆ యింటికి విత్తుల ఖర్చునకు సాయపడును. అడుగడుగున ఒక చూడదగిన చోటును లెక్కపెట్టుకొనుచు పరుగులు తీయు ప్రయాణము కంటె, ఒక్క లోయలో నిలిచి అచటివారి పని, పండుగ, తిండి తెలిసికొను ఈ నాలుగు దినములు పిల్లలకు ఎక్కువ నేర్పును. తలిదండ్రులు, తాతయ్యలు, నానమ్మలు వారితో కూడ నేర్చుకొనునట్టి సెలవులు మన యిండ్లలో మరి దొరకవు.