కాపాడుకున్న చేతికి శాతం తక్కువ

జీఎస్-2లో బలహీన వర్గాల సంక్షేమం చదివేటప్పుడు మనమంతా ఒక లైను నోట్స్‌లో రాసుకుంటాం: 1995 చట్టంలో 7 వైకల్యాలు, 2016 చట్టంలో 21. ప్రిలిమ్స్‌కి అది చాలు. మెయిన్స్‌లో అమలు గురించి అడిగితే మాత్రం, ఆ చట్టం ఒక మనిషి చేతి దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో తెలిసుండాలి. నాకు బాగా తెలిసిన చెయ్యి మా చెల్లిది. అందుకే ఈ వారం దాని గురించి రాస్తున్నాను.

చెల్లికి పుట్టుకతోనే ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా ఉంది. క్లుప్తంగా ఈబీ అంటారు. ఇందులో నాలుగు ప్రధాన రకాలున్నాయి. తనది రిసెసివ్ డిస్ట్రోఫిక్ రకం. చర్మం పై పొరను కింది పొరకు పట్టి ఉంచే సన్నని పోగులు కొలాజెన్-7 అనే ప్రొటీన్‌తో తయారవుతాయి. ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపంతోనే వస్తే పోగులు సరిగ్గా ఏర్పడవు. చిన్న రాపిడికే బొబ్బ లేస్తుంది. అమ్మానాన్నలది మేనరికం. ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, వాహకులు అంతే. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం 25 శాతం. ఇది అంటువ్యాధి కాదు, శాపం అంతకన్నా కాదు. ఈ మాట బస్సుల్లో, పెళ్లిళ్లలో ఎన్నిసార్లు చెప్పామో లెక్కలేదు.

ఈ రకంలో చేతికి బొబ్బ కంటే అది మానే తీరే ఎక్కువ ప్రమాదం. మానిన ప్రతిసారీ మచ్చ కడుతుంది. పక్కపక్క వేళ్ల మీది పుండ్లు కలిసి మానితే వేళ్లు అతుక్కుంటాయి. మచ్చ బిగుసుకునే కొద్దీ వేళ్లు అరచేతిలోకి ముడుచుకుంటాయి. ముదిరితే చెయ్యి మొత్తం పిడికిలిలా చర్మం కప్పేస్తుంది. ఆపరేషన్‌తో విడదీస్తారు గానీ కొన్నేళ్లకు మళ్లీ అతుక్కోవడం మామూలే. ఎంత జాగ్రత్త పడ్డా కొందరికి ఆగదు. ఆలస్యం చేయగలిగేది రోజువారీ కట్టే.

మా ఇంట్లో అది ఇలా జరుగుతుంది. పాత కట్టును లాగం. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, అది వదులయ్యాక తీస్తాం. కొత్త బొబ్బ ఉంటే స్టెరైల్ సూదితో కింది అంచున గుచ్చి నీరు దించేస్తాం, లేకపోతే అది పాకి పెద్దదవుతుంది. పైతోలు మాత్రం తీయం, కింది పుండుకు అదే కాపు. తర్వాత వేళ్ల సందుల్లో అతుక్కోని సిలికాన్ డ్రెస్సింగ్ ముక్కను లోపలిదాకా పెట్టి, ఒక్కో వేలికి విడివిడిగా మెత్తటి గాజ్ గుడ్డ చుడతాం. బొటనవేలు అరచేతికి దూరంగా ఉండేలా చూస్తాం. అంటుకునే టేపు అసలు వాడం, ఊడేటప్పుడు చర్మంతో సహా వస్తుంది. రాత్రి వేళ్లను చాచి ఉంచే స్ప్లింట్ వేస్తాం. ఒక చెయ్యి అమ్మ, ఒక చెయ్యి నేను, గంటన్నర పడుతుంది. ఇదంతా ఆస్పత్రిలో దగ్గరుండి నేర్పారు. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మీరూ అలా నేర్చుకున్నాకే మొదలుపెట్టండి.

పోయినేడు వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్లాం. వేళ్లు ఎంత వంగుతున్నాయి, పట్టు ఎంత ఉంది అని కొలిచారు. 40 శాతానికి తక్కువ వచ్చింది. అంటే చట్టం చెప్పే బెంచ్‌మార్క్ వైకల్యం కిందికి రాదు. కొలిచిన డాక్టర్ తన పని తాను చేశారు. కానీ ఆ వేళ్లు అంత బాగా వంగుతున్నాయంటే 19 ఏళ్లుగా అమ్మ కట్టిన కట్ల వల్లే. అవే వేళ్లు మూడు గంటలు పెన్ను పట్టుకుంటే చర్మం ఏమవుతుందో రాయడానికి ఫారంలో గడి లేదు. కట్టు కట్టకుండా వదిలేసి ఉంటే శాతం పెరిగేది. కాపాడుకున్నవాళ్లకు సాయం తగ్గించే కొలత ఇది.

వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసు మన నోట్స్‌లో ఉండాల్సింది ఇందుకే. రైటర్స్ క్రాంప్ ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి స్క్రైబ్ కోసం వేసిన కేసు అది. బెంచ్‌మార్క్ వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టంలోని రీజనబుల్ అకామడేషన్, అంటే మనిషి అవసరానికి తగ్గట్టు చేయాల్సిన ఏర్పాటు, దానికి ఆధారం. దాని ప్రకారం 2022 ఆగస్టులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. శాతం 40 లోపు ఉన్నా, రాయడం కష్టమని ప్రభుత్వ వైద్యాధికారి ధ్రువీకరిస్తే స్క్రైబ్, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని వాటిలో చెప్పారు.

ఈ తీర్పు గురించి చెప్తే చెల్లి ఎగిరి గంతేస్తుందనుకున్నాను. "నా చేత్తో రాస్తేనే నాకు వాక్యం తడుతుంది అన్నయ్యా. ఇంకొకరికి చెప్పి రాయించడం నాకు రాదు" అంది. అమ్మ ఒప్పుకోలేదు. "పరీక్ష మూడు గంటలే, పుండు మూడు వారాలు. నువ్వు రాసిన ప్రతి పేజీ నేను కట్టు విప్పినప్పుడు చూస్తున్నా" అంది. వారం రోజులు ఇంట్లో ఇదే గొడవ. చివరికి చెల్లే తేల్చింది: చిన్న ఇంటర్నల్స్‌కి తనే రాస్తుంది, స్పాంజి తొడుగు వేసిన లావుపాటి పెన్నుతో. సెమిస్టర్ పరీక్షలకు స్క్రైబ్ కావాలని ఆ మార్గదర్శకాలు జతచేసి కాలేజీలో అర్జీ పెట్టింది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా రోజూ సాయంత్రం తను జవాబులు చెప్తుంటే నేను రాస్తున్నాను. నాకూ ఆన్సర్ రైటింగ్ ప్రాక్టీస్ అవుతోంది.

మెయిన్స్‌లో వాడుకోవాలంటే మూడు పాయింట్లు. ఒకటి, వైకల్యాన్ని కీళ్ల కదలికతోనే కాక, పని చేశాక శరీరానికి జరిగే నష్టంతో కూడా అంచనా వేయాలి. రెండు, 2021 అరుదైన వ్యాధుల విధానంలో గుర్తించిన కేంద్రాలున్నాయి, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒకటి. జాబితాలోని వ్యాధులకు 50 లక్షల వరకు సాయం కూడా ఉంది. కానీ ఈబీ కుటుంబాన్ని కుంగదీసేది జీవితాంతం ప్రతి నెలా కొనాల్సిన డ్రెస్సింగులు. మూడు, వేలిముద్ర అడిగే ప్రతిచోటా ఐరిస్ పరికరం పనిచేసే స్థితిలో ఉండాలి. కట్టు కట్టిన వేలిని యంత్రం గుర్తించదు, ముద్ర కోసం కట్టు విప్పమని అడగకూడదు.

మనలో కొందరు రేపు ఆ ఫారాలు నింపే కుర్చీలో కూర్చుంటాం. శాతం వేసే ముందు "రోజూ ఈ చేతికి ఎంతసేపు కట్టు కడతారు?" అని ఒక్క ప్రశ్న అడగండి. జవాబు చెప్పడానికి అమ్మలాంటివాళ్లు పక్కనే ఉంటారు.