దీవిలో ఉంటే ఓటు లేదు

మందుల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లకు ప్యూర్టోరికో కొత్త పేరేమీ కాదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఫార్మసీ చదివి అమెరికా చేరినవాళ్లలో కొందరికి ఏదో ఒక దశలో ఆ దీవిలో ప్రాజెక్టు తగులుతుంది. నాకూ అలాగే తగిలింది. ఇల్లు న్యూజెర్సీలో, పని బార్సెలోనెటా దగ్గరి ప్లాంటులో. కొన్నేళ్లపాటు అటూ ఇటూ తిరిగాను. అమెరికా ఎలాంటి దేశమో నాకు న్యూజెర్సీలో కంటే ఆ దీవిలోనే ఎక్కువ తెలిసొచ్చింది.

న్యూవార్క్‌లో విమానం ఎక్కితే నాలుగు గంటల్లో దీవి రాజధాని సాన్ హువాన్. పాస్‌పోర్టు అడగరు, ఇమిగ్రేషన్ క్యూ ఉండదు. దిగి అద్దె కారులో రోడ్డెక్కితే ఊళ్ల మధ్య దూరాలు కిలోమీటర్లలో కనిపిస్తాయి, వేగ పరిమితి మాత్రం మైళ్లలో ఉంటుంది. పెట్రోలు లీటర్ల లెక్కన పోసి డాలర్లు తీసుకుంటారు. బోర్డులన్నీ స్పానిష్‌లో ఉంటాయి, పోస్టాఫీసు మీద మాత్రం అమెరికా తపాలా శాఖ గద్ద గుర్తు. తిరుగు ప్రయాణంలో సామాను ముందుగా వ్యవసాయ శాఖవాళ్ల తనిఖీ దాటాలి. సంచిలో మామిడిపండో లక్ష్మణఫలమో ఉంటే తీసేస్తారు, దాంతోపాటు పురుగు వస్తుందని. ఒకే దేశం అన్న మాట కొన్నిటికి వర్తిస్తుంది, కొన్నిటికి వర్తించదు. ఏది వర్తిస్తుందో తేల్చేది మాత్రం ఎప్పుడూ వాషింగ్టనే.

వైశాల్యంలో ప్యూర్టోరికో మన ఉమ్మడి కృష్ణా జిల్లా అంత ఉంటుంది. సుమారు తొమ్మిది వేల చదరపు కిలోమీటర్లు, అమెరికాలో వెయ్యో వంతు. 2020 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 33 లక్షలు. ఇంత పెద్ద దేశం పక్కన ఇంత చిన్న దీవికి లెక్కేముంది అని మనవాళ్లు చాలామంది నాతో అన్నారు. కానీ అమెరికాలోని యాభై రాష్ట్రాల్లో సుమారు ఇరవై రాష్ట్రాల జనాభా దీనికంటే తక్కువ. వయోమింగ్‌లో ఆరు లక్షల మంది కూడా లేరు. అయినా ఆ రాష్ట్రానికి ఇద్దరు సెనేటర్లు, ఒక ప్రతినిధి, అధ్యక్ష ఎన్నికలో మూడు ఎలక్టోరల్ ఓట్లు ఉన్నాయి. ప్యూర్టోరికోకు సెనేటర్లు లేరు, ఎలక్టోరల్ ఓట్లు లేవు. ప్రతినిధుల సభలో రెసిడెంట్ కమిషనర్ పేరుతో ఒకరుంటారు. మాట్లాడతారు, కమిటీల్లో కూర్చుంటారు. బిల్లు మీద తుది ఓటింగ్ జరిగేటప్పుడు మాత్రం ఆయనకు ఓటు ఉండదు.

పోనీ వాళ్లేమైనా విదేశీయులా? 1917 నుంచి అమెరికా పౌరులే. దీవివాళ్ల 65వ ఇన్‌ఫంట్రీ రెజిమెంట్ కొరియా యుద్ధంలో పోరాడింది, 2014లో దానికి కాంగ్రెస్ బంగారు పతకం ప్రకటించారు. దీవి మనిషి సామాను సర్దుకుని ఫ్లోరిడాలో కాపురం పెట్టి ఓటరుగా నమోదైతే, అధ్యక్షుడికి ఓటు వేయొచ్చు. ఫ్లోరిడాలో పుట్టి పెరిగినవాడు దీవికి వెళ్లి స్థిరపడితే, అప్పటిదాకా ఉన్న ఆ ఓటు పోతుంది. మనిషీ అదే, పాస్‌పోర్టూ అదే. చిరునామా ఒక్కటే మారింది.

గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే మనవాళ్లకు ఓటు లేని బతుకు కొత్త కాదు. పన్ను కడతాం, పిల్లల్ని ఇక్కడి బడులకే పంపుతాం, ఎన్నికల రోజున మాత్రం చూస్తూ కూర్చుంటాం. కానీ మనం కోరి వచ్చినవాళ్లం. వెళ్లిపోదామనుకుంటే వెనక ఒక దేశం ఉంది. వాళ్లు ఎక్కడికీ వలస రాలేదు, అమెరికాయే వాళ్ల గడపలోకి వచ్చింది. 1898 జూలై 25న అమెరికా సైన్యం గ్వానికా తీరంలో దిగింది. అదే ఏడాది డిసెంబరులో పారిస్‌లో ఒప్పందమై, దీవి స్పెయిన్ చేతిలోంచి అమెరికా చేతిలోకి పోయింది. ఆ బల్ల దగ్గర దీవి తరఫున కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరు.

ఆ తర్వాత సుప్రీంకోర్టు ముందుకు ఒక నారింజపండ్ల కేసు వచ్చింది. సాన్ హువాన్ నుంచి న్యూయార్క్‌కు నారింజలు తెప్పించిన వ్యాపారి దగ్గర సుంకం వసూలు చేశారు. దీవి అమెరికాలో భాగమైతే సుంకం ఎందుకని ఆయన కోర్టుకెక్కాడు. 1901లో డౌన్స్ వర్సెస్ బిడ్వెల్ అనే ఆ కేసులో అయిదుగురు ఒకవైపు, నలుగురు మరోవైపు తీర్పు చెప్పారు. దీవి అమెరికాకు చెందినదే గానీ అమెరికాలో భాగం కాదని, రాజ్యాంగం అక్కడ మొత్తంగా వర్తించనక్కర్లేదని తేలింది. అలాంటి తీర్పుల వరసను ఇన్సులర్ కేసులంటారు. నూటపాతికేళ్లు కావస్తున్నా వాటిని ఇప్పటికీ కొట్టివేయలేదు.

ఈ సంగతులు చదివేటప్పుడల్లా నాకు లక్షద్వీప్ గుర్తొస్తుంది. 2011 లెక్కల్లో అక్కడి జనం 65 వేలలోపు. మన దగ్గర ఒక మోస్తరు మున్సిపాలిటీ అంత. అయినా లక్షద్వీప్‌కు లోక్‌సభలో ఒక సీటుంది, ఆ సభ్యుడికి పూర్తి ఓటుంది. తెలుగు కుటుంబాలెన్నో స్థిరపడిన అండమాన్ నికోబార్‌కూ అంతే. 1999 ఏప్రిల్‌లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయిన రోజున లక్షద్వీప్ సభ్యుడి ఓటు, ఉత్తరప్రదేశ్ సభ్యుడి ఓటు ఒకే విలువ. మన కేంద్రపాలిత ప్రాంతాల ఏర్పాటులో లోపాలు లేవని నేననను. అండమాన్‌కు అసెంబ్లీ లేదు, ఢిల్లీ నుంచి వచ్చిన అధికారే అక్కడ పరిపాలిస్తాడు. కానీ దేశాన్ని ఎవరు నడపాలో తేల్చే సభలో ఆ దీవులకు లెక్కలోకొచ్చే ఓటుంది. చిన్న దీవికి ఓటిస్తే పెద్ద దేశానికి వచ్చే నష్టమేమీ లేదని చెప్పడానికి మన రాజ్యాంగమే చాలు.

ఓటు లేకపోతే ఏమవుతుందో ఒక మనిషి కథలో చూడొచ్చు. హోసే లూయిస్ వయేయో మదేరో అనే ప్యూర్టోరికన్ న్యూయార్క్‌లో ఉండేవాడు. ఆరోగ్యం దెబ్బతిని పనిచేయలేని స్థితి వచ్చింది. పేదలైన వృద్ధులకు, అంధులకు, దివ్యాంగులకు కేంద్రం నెలనెలా ఇచ్చే సాయం ఒకటుంది, సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్ అంటారు. 2012 నుంచి ఆయనకు అది అందింది. 2013లో సొంత దీవికి తిరిగి వెళ్లాడు. ఆ పథకం ప్యూర్టోరికోకు వర్తించదు. కొంతకాలానికి ప్రభుత్వం కళ్లు తెరిచి, దీవిలో ఉండగా తీసుకున్న 28 వేల డాలర్లు వెనక్కి కట్టమని ఆయన మీద దావా వేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో ఎనిమిదిమంది న్యాయమూర్తులు ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పిచ్చారు. దీవివాసులు చాలావరకు ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టరు గనుక వాళ్లను వేరుగా చూడొచ్చన్నది వాళ్ల వాదం. ఒక్క సోనియా సోటోమయోర్ మాత్రం ఒప్పుకోలేదు. ఆమె తల్లిదండ్రులు ఆ దీవి నుంచి వచ్చినవాళ్లే. ఈ సాయం అందుకునేవాళ్లు ఎక్కడున్నా పన్ను కట్టే స్థితిలో ఉండని పేదలే కదా అని ఆమె ఎత్తిచూపారు. నాకు ఆమె మాటే న్యాయంగా తోచింది. పైగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు దీవివాళ్లు మనలాగే కడుతున్నారు. అదే సాయం పసిఫిక్‌లోని ఉత్తర మరియానా దీవుల్లో ఉండే పేదలకు అందుతోంది. అవీ అమెరికా చేతికింది దీవులే.

సరుకుల సంగతి ఇంకొకటి. దీవిలో తినే తిండిలో ఎక్కువ భాగం ఓడల్లోనే వస్తుంది. 1920 నాటి జోన్స్ చట్టం ప్రకారం అమెరికా రేవుల మధ్య సరుకు మోయాలంటే ఆ ఓడ అమెరికాలో కట్టినదై, అమెరికా యజమానిదై, అమెరికా సిబ్బందితో, అమెరికా జెండాతో నడవాలి. ఆ ఓడలకు ఖర్చెక్కువ. పక్కనే ఉన్న అమెరికా వర్జిన్ దీవులకు ఈ చట్టం నుంచి మినహాయింపు ఉంది, ప్యూర్టోరికోకు లేదు. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను విరుచుకుపడ్డాక పదిరోజులు సడలించి మళ్లీ బిగించారు.

మరియా గురించి చెప్పకుండా ఆ దీవి గురించి రాయలేను. దీవి మొత్తం చీకటైపోయింది. చివరి ఇళ్లకు కరెంటు రావడానికి పది నెలలు దాటింది. నాతో పనిచేసిన ఒక సీనియర్ ఆవిడ ఇంటికి ఒకసారి భోజనానికి వెళ్లాను. చెక్క రోట్లో వెల్లుల్లి వేసి దంచిన అరటికాయ మొఫోంగో పెట్టారు. వెనక వరండాలో జనరేటర్‌ను ఇనుప గొలుసుతో స్తంభానికి కట్టి తాళం వేసి ఉంచారు. పక్కన పెట్రోలు డబ్బాలు, వాటి పైన మూత వదులైన ఒక ఐసుపెట్టె. అప్పట్లో వాళ్ల నాన్నగారి ఇన్సులిన్ దాంట్లోనే ఉంచేవారట. తెల్లారకముందే లేచి ఐసు దొరికేచోట వరసలో నిలబడి, ఆ తర్వాత డ్యూటీకి వచ్చేవారు. ప్రపంచానికి మందులు తయారుచేసే చోట ఉద్యోగం చేస్తూ, ఇంట్లో ముసలాయన మందు చల్లగా ఉంచడానికి ఆవిడ అంత అవస్థ పడ్డారు. ఆ ఐసుపెట్టె ఇంకా ఎందుకు దాచారని అడిగితే, మళ్లీ అవసరం పడుతుంది గనక అన్నారు.

తుపాను తర్వాతి ఆ రోజుల్లోనే అమెరికా ఆసుపత్రుల్లో చిన్న సెలైన్ సంచులకు కొరత వచ్చింది, ఎందుకంటే వాటిని తయారుచేసే బాక్స్‌టర్ ఫ్యాక్టరీలు ప్యూర్టోరికోలో ఉన్నాయి. సంచిలో కలిపి ఎక్కించాల్సిన మందును నర్సులు మంచం పక్కన నిలబడి సిరంజితో నెమ్మదిగా ఎక్కించాల్సి వచ్చింది. దీవి అమెరికా మీద ఆధారపడిందని అందరూ అంటారు. అమెరికా రోగులు ఆ దీవి మీద ఎంత ఆధారపడ్డారో ఆ నెలల్లో మా రంగంలో ఉన్నవాళ్లందరం చూశాం.

తుపానులో చనిపోయినవాళ్ల లెక్క నెలల తరబడి 64 దగ్గరే ఆగిపోయింది. 2018 జూన్‌లో జనం తమవాళ్ల చెప్పులు, బూట్లు తెచ్చి సాన్ హువాన్‌లోని చట్టసభ భవనం ముందు వరసగా పెట్టారు. వాటిలో పసిపిల్లల జోళ్లు కూడా ఉన్నాయి. ఆగస్టులో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ అధ్యయనం తర్వాత ప్రభుత్వం 2,975 అని ఒప్పుకుంది.

ఇంతకీ మందుల ఫ్యాక్టరీలు అక్కడికి ఎందుకు వెళ్లాయంటే పన్ను రాయితీ కోసం. 1976లో పన్ను చట్టంలోని 936వ సెక్షన్ కింద దీవిలో సంపాదించిన లాభాలకు పన్ను లేకుండా చేశారు. 1996లో కాంగ్రెస్ దాన్ని రద్దు చేసి పదేళ్ల గడువిచ్చింది. 2006లో గడువు ముగిసింది, చాలా ప్లాంట్లు మూతపడ్డాయి, దీవి మాంద్యంలో పడింది, అప్పులు 70 బిలియన్ డాలర్లు దాటాయి. దీవి ప్రభుత్వాల తప్పులూ అందులో ఉన్నాయి. కానీ రాయితీ ఇచ్చినప్పుడూ తీసేసినప్పుడూ ఓటు వేసినవాళ్లలో దీవి తరఫు ప్రతినిధి లేడు. 2016లో ప్రోమెసా చట్టం తెచ్చి ఏడుగురు సభ్యుల ఆర్థిక పర్యవేక్షణ బోర్డును పెట్టారు. సభ్యులను నియమించేది అమెరికా అధ్యక్షుడు, ఖర్చు భరించేది దీవి. దీవివాళ్లు ఎన్నుకున్న గవర్నర్‌కు ఆ బోర్డులో ఓటు లేదు. సొంత రాజ్యాంగం 1952 నుంచి, సొంత చట్టసభ అంతకు ముందునుంచే ఉన్నాయి. వాటికి ఎంత విలువుందో ఈ బోర్డుతో తేలిపోయింది.

మరి వాళ్లకేం కావాలి? అందరిదీ ఒకే మాట కాదు. రాష్ట్రంగా చేర్చుకోమనేవాళ్లున్నారు. 2012 నుంచి జరిగిన ప్రజాభిప్రాయ సేకరణల్లో వాళ్లదే పైచేయి, కాకపోతే 2017లో ప్రతిపక్షాలు బహిష్కరించడంతో పోలింగ్ నాలుగో వంతు కూడా దాటలేదు. స్వాతంత్ర్యం కావాలనేవాళ్ల బలమూ పెరుగుతోంది, 2024 గవర్నర్ ఎన్నికలో వాళ్ల పార్టీ అభ్యర్థి రెండో స్థానంలో నిలిచాడు. ఉన్నదే నయమనేవాళ్లూ ఉన్నారు. వాళ్లది పిరికితనమని నేను అనుకోను. అమెరికా పాస్‌పోర్టు, కేంద్రం నిధులు, ఎప్పుడంటే అప్పుడు బంధువుల దగ్గరికి వెళ్లే వీలు చిన్న విషయాలేం కావు, దీవిలో ఉన్నవాళ్లకంటే ప్యూర్టోరికన్లు అమెరికా ప్రధాన భూభాగంలోనే ఎక్కువమంది ఉన్నారు మరి. మూడింటిలో ఏది మంచిదో చెప్పే అధికారం బయటివాణ్నయిన నాకు లేదు. వాళ్లు ఏది తేల్చుకున్నా అమెరికా దానికి కట్టుబడాలన్నదే నా మాట. ఇప్పటిదాకా జరిగిన ఓటింగుల్లో ఏదీ కాంగ్రెస్‌ను కట్టిపడేయలేదు.

కట్టుబడేలా చేసే బిల్లు ఒకటి వచ్చింది. రాష్ట్రహోదా, స్వాతంత్ర్యం, స్వేచ్ఛా అనుబంధంతో సార్వభౌమత్వం, ఈ మూడింటిలో ఒకటి దీవి ఎంచుకోవాలని అందులో ఉంది. 2022 డిసెంబరు 15న ప్రతినిధుల సభ 233–191 ఓట్లతో దాన్ని ఆమోదించింది. సెనేట్‌లో కదలిక లేదు, ఆ కాంగ్రెస్ కాలం ముగియడంతో బిల్లూ మురిగిపోయింది.

అమెరికా పౌరసత్వం తీసుకుని ఓటు సంపాదించుకున్న తెలుగువాళ్లు ఇప్పుడు న్యూజెర్సీలో, టెక్సాస్‌లో, జార్జియాలో, నార్త్ కరోలినాలో బాగా ఉన్నారు. మన సంఘాల సభలకు కాంగ్రెస్ సభ్యులు, పోటీలో ఉన్న అభ్యర్థులు వస్తారు, శాలువా కప్పించుకుంటారు. వీసాల గురించి వాళ్లను అడుగుతూనే ఉన్నాం, అడగాలి కూడా. ఈసారి వచ్చినప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడగండి: ప్యూర్టోరికో తన భవిష్యత్తు తానే తేల్చుకునే బిల్లు మళ్లీ సభకు వస్తే, మీరు అనుకూలంగా ఓటేస్తారా? జవాబు సూటిగా చెప్పేదాకా వదలొద్దు. ఆ బిల్లు మీద ఓటు వేయగల సెనేటర్ దీవికి ఒక్కరూ లేరు. మన రాష్ట్రానికి ఇద్దరున్నారు.