మూడో బెజ్జం



రాత్రిళ్ళు కుళాయిల దగ్గర కప్ప అరుస్తోందని మీరంతా నవ్వారు కదా. ఆ కప్పను నేనే. ఎందుకు అరిచానో ఈ గోడ పత్రికలో చెప్తాను.

మాది దివిసీమలో నాగాయలంక వైపు. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు మా మామ్మ తాటిచెట్టు పట్టుకుని బతికింది. చంకలో ఉన్న మూడేళ్ళ మా పెద్దత్త జారిపోయింది. ప్రతి సంవత్సరం ఆ రోజు మామ్మ ఒక పాట పాడుతుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. మధ్యలో అత్తను పిలిచే చోట మామ్మ గొంతు పైనుంచి కిందికి జారుతుంది, ఎక్కడా తెగదు. ఇప్పుడు మామ్మకు ఆయాసం. ఆ జారుడు దగ్గరకు రాగానే దగ్గు వచ్చి పాట ఆగిపోతోంది. నాకేమో పాడటం రాదు, గొంతు బండ. అందుకని వాయించైనా ఆ పాటను నిలబెట్టుకోవాలనుకున్నాను.

హంసలదీవి మాఘ పౌర్ణమి తిరునాళ్ళలో నాన్న నాకు మౌత్ ఆర్గన్ కొనిచ్చాడు. రెండు వరసల బెజ్జాలుండేది. పాట వచ్చింది గానీ జారుడు రాలేదు. మన స్కూలు హార్మోనియం మీద కూడా ప్రయత్నించాను. అందులో ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి దూకడమే ఉంది, జారడం లేదు.

మన హార్మోనియం మూగబోతే బాగుచెయ్యడానికి గుడివాడ నుంచి ఒక మాస్టారు వచ్చారు, మీకు గుర్తుండే ఉంటుంది. పద్య నాటకాలకు హార్మోనియం వాయించిన పెద్దాయన. ఆయన పెట్టె విప్పి ఇత్తడి రీడు చూపించారు. రీడు కొస దగ్గర కొంచెం గీకితే స్వరం పెరుగుతుందట, మొదలు దగ్గర గీకితే తగ్గుతుందట. హార్మోనియంలో గమకం పలకదని ఆలిండియా రేడియోలో 1940 నుంచి 1971 దాకా దాన్ని వాయించనివ్వలేదని కూడా చెప్పారు. నేను ధైర్యం చేసి నా మౌత్ ఆర్గన్ చూపించి, "దీన్లో జారుడు వస్తుందాండీ?" అని అడిగాను.

"దీన్లో రాదమ్మా. ఇందులో ఏ రీడు గది దానిదే. జారాలంటే రెండు రీడులు ఒకే గదిలో ఉండాలి" అన్నారు. మళ్ళీ వచ్చినప్పుడు తన పాత పది బెజ్జాల మౌత్ ఆర్గన్ నాకు ఇచ్చేశారు.

దాని సంగతి ఇదీ. పది బెజ్జాలకు ఇరవై రీడులు. ప్రతి బెజ్జంలో ఊదితే మోగేది ఒకటి, పీలిస్తే మోగేది ఒకటి. మూడో బెజ్జంలో ఊదితే 'ప', పీలిస్తే 'ని'. పీలుస్తూ నాలుక వెనక్కి లాగి నోట్లో ఖాళీ పెంచితే 'ని' కిందికి దిగుతుంది. 'ప' దాకా వెళ్ళదు, దాని పైమెట్టు దాకా దిగుతుంది. మామ్మ పాటలో జారుడు సరిగ్గా అక్కడే ఉంది.

నెల రోజులు పీల్చాను. కప్ప అరుపే వచ్చింది. అప్పుడు మాస్టారు చెప్పినట్టు మరలు విప్పి, పై రేకులు తీసి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూశాను. రీడు తన గాడి మీద కొంచెం పైకి లేచి ఉంటుంది. ఆ సందు ఎక్కువైతే గాలి ఊరికే పోతుంది, స్వరం బద్ధకంగా లేస్తుంది. తక్కువైతే గట్టిగా పీల్చగానే రీడు ఊపిరాడనట్టు ఆగిపోతుంది. సందు సుమారు రీడు మందం ఉంటే మంచిది. లావు స్వరాల పొడుగు రీడులకు కొంచెం ఎక్కువ, సన్న స్వరాల పొట్టి రీడులకు తక్కువ. కొలవడానికి మాస్టారు చిలకలపూడి రోల్డుగోల్డు పనివాళ్ళ దగ్గర తెచ్చిన పల్చటి ఇత్తడి ముక్క ఇచ్చారు. సవరించడానికి చీపురు పుల్ల చాలు. మెల్లగా నొక్కాలి, వదలాలి, చూడాలి, మళ్ళీ నొక్కాలి.

నేను మెల్లగా నొక్కలేదు. ఏడో బెజ్జంలో పీల్చే రీడు టక్కున విరిగింది. ఆ రోజు అన్నం తినలేదు. మేడమ్ గారు కడుపునొప్పి అనుకుని వాము ఇచ్చారు, క్షమించాలి.

తర్వాత మూడో బెజ్జంలో పీల్చే రీడు సరిచేశాను. అయినా జారలేదు. మాస్టారు వచ్చినప్పుడు అడిగితే, "రెండోదాన్ని చూశావా?" అన్నారు. నేను చూడలేదు. పీల్చేటప్పుడు ఊదే రీడుతో పనేముంది అనుకున్నా. కానీ జారేటప్పుడు పై స్వరం రీడు మెల్లగా తగ్గి, ఊదే రీడే పలకడం మొదలెడుతుందట. ఊరుకున్నట్టు కనిపించేదే కింది స్వరాన్ని మోస్తుంది. దాని సందు మరీ ఎక్కువగా ఉంది. ఇత్తడి ముక్క పెట్టి మూడుసార్లు తగ్గించాను. సాయంత్రం పీలిస్తే 'ని' తెగకుండా దిగింది. ఒళ్ళు ఝల్లుమంది. ఆ రోజు మాత్రం ఎవరూ కప్ప అనలేదు.

సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళి మామ్మ ముందు కూర్చుని వాయించాను. మెచ్చుకుంటుందనుకున్నా. మామ్మ కళ్ళు మూసుకుని విని, "అంత గబగబా దిగమాకే పిల్లా. ఆ రోజు నీళ్ళు అంత తొందరగా తియ్యలా" అంది.

నేను మళ్ళీ వాయించాను. మళ్ళీ అదే మాట. చీకటి పడేదాకా ఎన్నిసార్లు వాయించానో లెక్కలేదు. చివరికి మామ్మ ఏమీ అనలేదు. నా చేతిలోంచి మౌత్ ఆర్గన్ తీసుకుని కొంగుతో తుడిచి ఇచ్చింది.

ఇంకా సరిగ్గా రాలేదని నాకు తెలుసు. రీడులు సర్దితే దారి తెరుచుకుంది గానీ, ఎంత నిదానంగా దిగాలో మామ్మే నేర్పాలి. నవంబరు 19 నాటికి నేర్చుకోవాలి. అందుకని వార్డెన్ మేడమ్ గార్లను ఒకటి వేడుకుంటున్నాను. రాత్రి స్టడీ అయ్యాక కుళాయిల దగ్గర పావుగంట వాయించుకోనివ్వండి. తలుపులు వేసే టైముకు వచ్చేస్తాను.

స్నేహితులారా, మీ ఇళ్ళల్లో కూడా మామ్మలు, తాతయ్యలు పాడే పాటలుంటాయి. ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు అడిగి నేర్చుకోండి. అవి పుస్తకాల్లో దొరకవు.

ఇట్లు
మీ 9వ తరగతి కప్ప